పాముకాటుకు పసరు

సీతారామపురం దగ్గర మా ఊళ్లో పాముకాటుకు పసరు పోసే పెద్దాయన ఉండేవాడు. పసరు మింగించి, మనిషి తల నిమురుతూ "ఏం గాదు, నిద్దరపోబాక" అనేవాడు. మా అమ్మను పాము కరిచినప్పుడూ అలాగే నిమిరాడు. ఆయన చెయ్యి తల మీద ఉండగానే అమ్మ ఊపిరి ఆగిపోయింది.

మరుసటేడు ఆయన కూతురిని పాము కరిచింది. ఆయన పసరు జోలికే పోలేదు. బిడ్డను బైకు మీద ఎక్కించుకుని ఉదయగిరి ఆసుపత్రికి తీసుకెళ్లి ఇంజెక్షన్ వేయించాడు. ఆ పిల్ల బతికింది.

నేను వెళ్లి నిలదీశాను. "మామా, మా అమ్మకు పసరు, నీ బిడ్డకు సూదా?"

ఆయన తల దించుకోలేదు. "మీ అమ్మను ఆసుపత్రికి తీసుకపోబాకండని నేను చెప్పినానా?" అన్నాడు.

చెప్పలేదు. ఆరోజు ఆసుపత్రికి బయల్దేరిన ఆటోను ఆయన ఇంటికి తిప్పించింది నేనే.