నాన్న చూడని పటం

మొన్న చెన్నైలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు, ముహూర్తం సాయంత్రం కావడంతో పగలంతా ఖాళీగా కూర్చోలేక, మనవరాలిని తోడు తీసుకుని చిత్రాల మ్యూజియానికి వెళ్ళాను. ఈ కాలం వాళ్ళ బొమ్మలున్న గదిలో అది ఆగిపోయింది. నేను మాత్రం, నలభై ఏళ్ళ కిందట సరిగా చూడకుండా వచ్చేసిన ఒక పాత పటాన్ని వెతుక్కుంటూ ముందుకు నడిచాను.

మా నాన్న తెనాలిలో నాటకాల తెరల మీద బొమ్మలు వేసేవాడు. మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు గాని, అంతఃపురం తెర, అడవి తెర, వీధి తెర అని ఉండేవి. అమృతలూరు నుంచి, పెనుమూడి నుంచి నాటకాల వాళ్ళు వచ్చి, వాటిని చుట్టచుట్టి బండి మీద వేసుకుపోయేవాళ్ళు. రంగు పెట్టడం నాన్నకు సగం పనే. పెరట్లో తెర వేలాడదీసి, దాని మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచేవాడు, ఆఖరి వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు కూడా రాణిగారి హారం హారంలాగే కనపడాలని. అలా నడుస్తూ ఒకసారి గేదెల కుడితి తొట్టిలో కూలబడితే, అమ్మ అడక్కుండానే పొడి పంచె తెచ్చి ఇచ్చింది, ఎందుకంటే అది మొదటిసారి కాదు.

ఆయన పని చేసుకునే వసారాలో ఒక పాత క్యాలెండర్ బొమ్మ ఉండేది. పట్టుచీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డ స్త్రీ. అచ్చు రంగులు వెలిసిపోయినా చీర అంచు జరీ మాత్రం మెరుస్తూనే ఉండేది. ఆ మెరుపు ఎలా వచ్చిందో అంతుపట్టక, అసలు పటం మద్రాసులో ఉందట, ఒక్కసారి చూస్తే చాలు అంటూ ఉండేవాడు.

రేపల్లె బడిలో డ్రాయింగు టీచరుగా చేరిన ఏడాది నన్ను శిక్షణకు మద్రాసు పంపారు. ఆ పటం చూద్దాం రమ్మని నేను రాసిన ఉత్తరం అందుకుని, నాన్న ఆదివారం పొద్దున్నే రైలు దిగి, ఎంత ఉతికినా పోని రంగు మరకల పంచెతో నేరుగా మ్యూజియం దగ్గరికి వచ్చేశాడు. నాతో శిక్షణలో ఉన్న టీచర్లు కూడా ఆ రోజే వస్తామన్నారు. ఇంగ్లీషులో కళ గురించి మాట్లాడే వాళ్ళ పక్కన నేను నడిచాను, నాన్న వెనకాల వచ్చాడు. ఈయన మా నాన్న అని కాసేపాగి చెబుదాంలే అనుకున్నాను.

ఇంకొక్క గది దాటితే ఆ పటం. ఈలోగా నాన్న ఏదో యుద్ధం బొమ్మ ముందు ఆగి, అలవాటు చొప్పున వెనక్కి నడిచి, ఎదుటి గోడకున్న కొత్తరకం పటానికి వీపుతో గట్టిగా తగిలాడు. అది పక్కకి ఒరిగింది. కాపలా మనిషి పరుగున వచ్చి నాన్న జబ్బ పట్టుకుని, ఈయన మీ మనిషేనా అని వచ్చీరాని తెలుగులో మమ్మల్ని అడిగాడు. నేను తల దించుకుని ఊరుకున్నాను. ఆయన్ని బయటికి పంపేశారు. నాన్న నా వైపు చూడనైనా చూడలేదు, నా పరువు పోతుందని.

తర్వాత ఆ పటం ముందు నిలబడ్డాను గాని కంటికేమీ ఆనలేదు. బయటికొచ్చేసరికి మెట్ల మీద కూర్చున్న నాన్న లేచి ఒక్కటే అడిగాడు.

"జరీ ఎట్టా పెట్టాడమ్మాయ్?"

"బాగుంది నాన్నా," అన్నాను.

ఆయన తలూపాడు. మళ్ళీ మద్రాసు మాట ఎత్తలేదు.

మొన్న దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ అంచులో జరీయే లేదు. హడావుడిగా వేసినట్టున్న పసుపు గీతలు, నాలుగు తెల్ల చుక్కలు. ఒక్కో అడుగే వెనక్కి వేశాను. పన్నెండో అడుగుకి అంచంతా ఒక్కసారిగా మెరిసింది. నాన్న తన తెరల మీద బతుకంతా చేసింది సరిగ్గా ఇదే. ఆ సంగతి తెలియకుండానే ఆయన పోయాడు. తెరలు పోయి ఫ్లెక్సీలొచ్చాయి. చుట్టూ పిల్లలు పటానికి వీపు పెట్టి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు, వెనక్కి నడిచి చూసేవాళ్ళు ఒక్కరూ లేరు.

వెనక గోడ ఉందమ్మా అన్నట్టు కాపలా అబ్బాయి సైగ చేశాడు.

"మా నాన్న ఇట్టాగే చూసేవాడు బాబూ," అన్నాను.

అతనికి తెలుగు రాదు. మర్యాదగా నవ్వి వెళ్ళిపోయాడు.