రొయ్యలు పట్టిన మిల్లు

ఏలూరు బజారులో వేయించిన కాఫీ గింజలు కొనేటప్పుడు ముందు వాసన చూసి, తర్వాత ఒక గింజ కొరికి చూస్తాను. టప్పున విరిగితే కొంటాను, నలిగితే పక్కన పెడతాను. కొట్టతను నవ్వుకుంటాడు, నవ్వుకోనీ. ఈ పరీక్ష ఆకివీడులో మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది.

నాయనమ్మ పచ్చి గింజలే తెప్పించేది. ముసురు పట్టిన పొద్దుటిపూట ఊకపొయ్యి మీద ఇనప మూకుడు పెట్టి, గింజలు చింతపిక్కల రంగు తిరిగేదాకా కలుపుతూ, మధ్యమధ్య ఒకటి కొరికి చూస్తూ, చెరువుల వాసననీ లారీలకెక్కే చేపల వాసననీ ఆ ఒక్క మూకుడుతో వీధి చివరికి తరిమేసేది. వాటిని వంటింటి బల్లకు బిగించిన చేతి మిల్లులో బొంబాయిరవ్వలా పట్టి, ఇత్తడి ఫిల్టరులో వేసి, మరిగిన నీళ్ళు పోసి, డికాక్షను చుక్కచుక్కగా దిగేదాకా ఎవరినీ మూత ముట్టుకోనిచ్చేది కాదు. పొడిలో చికోరీ కలపడమంటే ఆవిడ లెక్కలో పాలల్లో నీళ్ళు పొయ్యడమే.

తాడేపల్లిగూడెంలో కాఫీ హోటలు నడిపే మా దూరపు చుట్టం ఒకాయన ఒక పెళ్ళిలో అందరి ముందూ అనేశాడు.

"చేపల ఊళ్ళో కాఫీ ఏం తాగుతామండీ, నీచు వాసన కొట్టదూ?"

నాయనమ్మ ఊరుకుంటుందా! "ఆదివారం మా ఇంటికి రండి, తాగి చెబుదురుగాని" అంది.

ఆ ఆదివారం పొద్దున్న నేను చేసిన ఘనకార్యం వినండి. అమ్మ ఎండురొయ్యలు పొడి కొట్టమంటే, రోట్లో దంచే ఓపిక లేక, తొమ్మిదేళ్ళ తెలివితో వాటిని కాఫీ మిల్లులో పట్టేశాను. చుట్టం వచ్చి అరుగు మీద కూర్చున్నాక నాయనమ్మ మిల్లు మూత తీసి వాసన చూసింది. ఇన్నాళ్ళ పేరూ నా వల్లే పోతుందని ఏడుపొచ్చేసింది.

ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "కాస్త ఆలస్యమవుద్దండీ, కూర్చోండి" అని ఆయనకు చెప్పొచ్చి, నా చేత గుప్పెడు గుప్పెడుగా బియ్యం పట్టించింది. ప్రతిసారీ పిండి వాసన చూడటం, "మళ్ళీ తిప్పవే" అనడం. గంటసేపు తిప్పేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. పిండిలో బియ్యం వాసన తప్ప మరేదీ లేదని తేలాకే గింజలు పోసి పట్టనిచ్చింది.

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వెతికి వెతికి వాసన చూశాడు. తాగాడు.

"ఇంకో గ్లాసు ఇప్పించండి పిన్నిగారూ. పొడి మీరే పట్టారా?"

"కాదండీ, మా మనవరాలు పట్టింది" అంది నాయనమ్మ.

ఇప్పుడు ఊకపొయ్యి లేదు, ఆ హోటలూ లేదు, నాయనమ్మా లేదు. మిల్లు మాత్రం నా వంటింటి గట్టుకు బిగించి ఉంది. మా అమ్మాయి కరెంటు మిషను కొంటానంటే, కొనుక్కుని ఆవాలు పట్టుకోమన్నాను. ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ బాగుందంటారు గాని, పొడి ఎవరు పట్టారని ఈ రోజుల్లో ఎవరూ అడగరు. అడగకపోయినా నేనే చెప్పేస్తాను.

"ఆకివీడు నాయనమ్మగారి మనవరాలు పట్టిందండీ."