దీపాలు పెట్టాక మూసే వెబ్‌సైటు

పొదిలి చరిత్ర ఎవరైనా రాయదలిస్తే అందులో బాపయ్య కారం మరకు ఒక అధ్యాయం, ఆ అధ్యాయంలో సాయంకాలానికి ఒక ప్రత్యేక ప్రకరణం కేటాయించక తప్పదు. దీపాలు పెట్టాక ఉప్పు, సూది బయటికి ఇవ్వకూడదన్నది ఊరందరూ ఎరిగిన ఆచారమే. బాపయ్య తాతగారు ఆ జాబితాలో కారాన్ని కూడా చేర్చారు. ఎందుకు చేర్చారో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడు తరాలుగా ఆ ఇంటి ఇల్లాలు దేవుడి దగ్గర వత్తి వెలిగించిన మరుక్షణం మర దగ్గర తూకం ఆగిపోతుంది. ఒకసారి తహసీల్దారు జీపు వచ్చి ఖాళీగా వెళ్లింది. బాపయ్య సొంత కూతురి పెళ్లిలో సాయంత్రం వంటవాళ్లకు కారం చాలకపోతే, పెళ్లికూతురి తండ్రి కారం మర యజమాని అయి ఉండీ, బజారుకు మనిషిని పంపి కంపెనీ ప్యాకెట్లు కొనిపించాడు. ప్రభుత్వాలు కూలాయి గానీ ఈ నియమం కూలలేదు.

కూలేలా ఉన్నది మర. ఆ ప్యాకెట్లే వచ్చి దాని పొట్ట కొట్టాయి. ఎండుమిరపకాయలు మూటగట్టుకొచ్చి ఆడించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఇరవై ఏళ్లుగా ఆ వసారాలో కూర్చుని కాయల తొడిమలు తీస్తున్న పున్నమ్మకు, వారానికి ఆరు రోజులుండే పని రెండు రోజులకు దిగింది. బయటి ఊళ్ల బేరం తగలకపోతే వచ్చే వేసవికి మర పాత ఇనుప సామాను వాడి బండెక్కడమే. ఈ సంగతి బాపయ్య ఎవరితోనూ అనలేదు. అందరికీ తెలుసు.

బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటరు నడిపే మేనకోడలు బిందుమాధవి ఆ రోజుల్లోనే ఒక కబురు మోసుకొచ్చింది.

“మావయ్యా, చిన్న వ్యాపారాలవాళ్లు వెబ్‌సైటు పెట్టుకుంటే గవర్నమెంటు డబ్బిస్తుందంట. నేను చేసిపెడతా. వాళ్లు చూసి బాగుందంటే శాంక్షన్.”

“అంటే విశాఖపట్నం వాళ్లు కూడా మన కారం కొనొచ్చా?”

“ఢిల్లీ వాళ్లు కూడా కొనొచ్చు.”

“ఢిల్లీ వాళ్లు మన కారం తింటే వాళ్ల పాపం వాళ్లది. పెట్టు.”

సైటు తయారైంది. పైన దండ వేసిన తాతగారి ఫోటో, నడుమ కళ్లాల్లో ఎర్రగా ఆరుతున్న కాయలు, కింద ‘కొనండి’ అనే బటను. బాపయ్య కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు బొట్టు పెట్టి, తనకు తోచిన ఒకే ఒక్క సందేహం అడిగాడు.

“దీన్ని ఎన్నింటికి మూస్తావమ్మా?”

“మూయడమేంటి మావయ్యా? ఇరవైనాలుగ్గంటలూ తెరిచే ఉంటది.”

“ఎవడు ఏ వేళప్పుడు అడిగినా కారం ఇచ్చేస్తదా? అది కొట్టా, సత్రమా?”

గంటసేపు వాదించి బిందుమాధవి ఓడిపోయింది. సాయంత్రం ఆరు కొట్టగానే బటను మాయమై, ‘దీపాలు పెట్టారు. పొద్దున రండి’ అన్న పలక కనపడేలా ఏర్పాటు చేసింది.

వారం తిరక్కుండా ఒంగోలు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది దరఖాస్తులు చూసే అధికారి, నస్రత్ మేడమ్.

“బాపయ్య గారా? నిన్న సాయంత్రం ఆరున్నరకి మీ సైటు చూశామండీ. మూసేసి ఉంది. పనిచేయట్లేదని రాశాం.”

“పనిచేయకపోవడమేంటండీ? పద్ధతిగా మూసింది!”

“ఎప్పుడు చూసినా ఆర్డరు తీసుకోవాలండీ. అది రూలు. ఇంకొక్కసారి చూస్తాం. అప్పుడూ మూసుంటే దరఖాస్తు కొట్టేస్తాం. ఎప్పుడు చూస్తామో మాత్రం చెప్పం.”

ఆ మధ్యాహ్నం వసారాలో సభ జరిగింది. ఒక పక్క తాతగారు, ఒక పక్క ప్రభుత్వం, మధ్యలో అన్నం మానేసిన బాపయ్య.

“పోనీ, దీపం కాస్త ఆలస్యంగా పెట్టనా?” అంది భార్య పిచ్చమ్మ.

“ఎంత ఆలస్యంగా?”

“మీ శాంక్షన్ వచ్చిందాకా.”

బాపయ్య చూసిన చూపుకు పిచ్చమ్మ లోపలికి పోయింది.

“అయితే మరని ఇనుపసామాను వాడికిచ్చెయ్ మావయ్యా,” అంది బిందుమాధవి. “నియమాన్ని మాత్రం ఫ్రేము కట్టించుకో.”

తొడిమలు తీస్తున్న పున్నమ్మ తల ఎత్తకుండానే కల్పించుకుంది. “అయ్యా, దీపం పెట్టేది మీ ఇంట్లో గదా. మాకు ఆ ఆనవాయితీ లేదు. పొద్దుగూకితే ప్రార్థన చేసుకుంటాం, అంతే. ఆరు దాటినాక వచ్చే బేరం నా చేతిమీదగా పోనీండి. నేనిస్తే మీ తాతగారికేంటి కష్టం?”

బాపయ్య లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. తాతగారి శాసనాన్ని అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాడు. ఎటు చూసినా అందులో పున్నమ్మ ఊసు లేదు.

“మరి నువ్వు చర్చిలో ఉన్నప్పుడు ఆర్డరొస్తే?”

“ఫోను సైలెంట్లో పెడతా. దేవుడు ఏమనుకోడు, ఆయనకి మా ఇంటి సంగతి తెలుసు.”

ఒప్పందం కుదిరింది. ఆరు దాటితే మోగేది పున్నమ్మ ఫోను, పొట్లం కట్టేది పున్నమ్మ, ఆ బేరంలో ఆమెకు వాటా. ఆ వేళకు సైటు మీద తాతగారి ఫోటో తప్పుకుని, క్రిస్మస్ చీరలో పున్నమ్మ ఫోటో వస్తుంది. “ఆయన కళ్లబడకుండా జరిగితే మంచిది,” అన్నాడు బాపయ్య.

ఇక తనిఖీ ఏ సాయంత్రం వస్తుందోనని ఆ ఇల్లు యుద్ధానికి సిద్ధమైనట్టు తయారైంది. ఆరు కాగానే బాపయ్య పెరట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పున్నమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కాపలా కాసేది. బిందుమాధవి బస్టాండు నుంచి ఉత్తుత్తి ఆర్డర్లు పంపి పరీక్షించేది. ఫోను మోగిన ప్రతిసారీ బాపయ్య గోడకే దణ్ణం పెట్టి, తాతగారిని క్షమాపణ అడిగేవాడు. ఇలా పది సాయంత్రాలు గడిచాయి.

పదకొండో రోజు శాంక్షన్ కాగితం వచ్చింది. సైటు ఎప్పుడు చూశారో కూడా అందులో రాశారు: ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు.