అమ్మవారి ఎంగిలి ముద్ద

తల్లి లేనిదాన్ని కాబట్టి నా మొదటి కాన్పు కూడా గురజాల దగ్గర మా అత్తవారింట్లోనే జరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు. బిడ్డకు నీళ్ళు పోస్తున్న మంత్రసాని ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. వంగి చూశాను. రెండు కనుపాపల్లోనూ పాలచుక్క వేసినట్టు తెలుపు.

మా అత్తకు ఆలోచించే పనే లేకపోయింది. "గెరానం నాడు కదలమాకే అంటే ఇన్నావటే? చూడు, ఏం జేశావో!" అని నెత్తి బాదుకుంది. ఆ గ్రహణం విడిచేదాకా నేను చాప మీద కట్టెలా పడున్నాను. చీమ కుట్టినా గోక్కోలేదు. చెబితే ఎవరు నమ్ముతారు? అత్త మాట ఊరి మాటయింది. మా ఆయన నోరు తెరిచేది అన్నం దగ్గరే లెండి.

బిడ్డ బోర్లాపడే రోజుల్లో ఇత్తడి బిందె నా చేతిలోంచి జారి బండల మీద పడింది. గోడ మీద పిల్లి ఎగిరి దూకింది. పక్కనే ఉన్న నా బిడ్డ ఉలిక్కిపడలేదు. చెవి దగ్గర చప్పట్లు కొట్టినా తల తిప్పలేదు.

మాచర్ల రైల్లో గుంటూరు తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించాం. నా తప్పు చెప్పడానికి అత్త కూడా వచ్చింది. ఆయన అంతా విని, "గ్రహణం సంగతి వదిలెయ్యండమ్మా. నెల తప్పిన కొత్తలో నీకు తట్టులాంటిది పోసిందా?" అని నన్నడిగాడు.

పోసింది. కాస్త జ్వరం, ఒళ్ళంతా సన్నటి ఎర్రపొక్కులు. మూడ్రోజుల్లో పోయాయి.

"అది తల్లిని పెద్దగా బాధపెట్టదు. కానీ లోపల బిడ్డకు కళ్ళూ చెవులూ ఏర్పడే రోజులవి. వాటినే చెడగొడుతుంది. ఈ మధ్యే పైదేశాల్లో కనిపెట్టారు. అప్పట్లో ఇంట్లో ఇంకెవరికైనా పోసిందా?"

నేను అత్త వైపు చూశాను. ముందు పోసింది మా ఆడపడుచు కూతురికి. తట్టు పోసిన పిల్లంటే అమ్మవారే కదా! ఆ పిల్ల తిని వదిలిన పెరుగన్నం ప్రసాదమనీ, తింటే కడుపు చల్లగా ఉంటుందనీ ముద్ద చేసి నా నోట్లో పెట్టింది మా అత్తే. పిల్లను నా పక్కలో పడుకోబెట్టిందీ ఆమే. ప్రేమతోనే పెట్టింది. అదే నాకు మింగుడుపడలేదు. ఇన్నాళ్ళూ పడ్డ మాటలకు తిట్టిపొయ్యాలని ఆమె వైపు తిరిగాను. అత్త ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మరుసటి ఎండాకాలం పక్కింటి పిల్లకు తట్టు పోసింది. అప్పుడే మా తోటికోడలు నెల తప్పింది. పక్కింటావిడ విస్తరాకులో పెరుగన్నం తెచ్చి, "వదినా, అమ్మోరి పెసాదం. చిన్న కోడలికి పెట్టు" అంది.

అత్త ఆకు లాక్కుని వీధిలోకి విసిరికొట్టింది. అమ్మవారి పేరెత్తితేనే లెంపలేసుకునే మనిషి!

"తట్టు తగ్గిందాకా మా గడప తొక్కమాక. దోసం తగిలితే నాకే తగలనీ!"

తలుపు వేసి వచ్చి, గోడవారగా కూర్చున్న నా బిడ్డ ముందు చతికిలబడి, ఆ చిన్న చేతులు తన ముఖానికి అదుముకుని ఏడ్చింది. వేళ్ళకు తగిలిన తడి నీళ్ళాట అనుకుందేమో, నా బిడ్డ కిలకిలా నవ్వింది.