నాలుగో బద్ద

చిన్నమ్మ పోయిందన్న కబురు ఆమె ఫోన్ నుంచే వచ్చింది. నేను జర్మనీలో, ఇంగోల్‌స్టాట్ స్టేషన్‌లో ఉన్నాను. రోజూ ఆ వేళకు ఫోన్ చేసి "రైలు దొరికిందా బిడ్డా?" అని అడుగుతుంది కదా, అలవాటుగా "ఎక్కుతున్న చిన్నమ్మా" అన్నాను. అవతల బాబాయి. "మీ చిన్నమ్మ మనకు లేదు బిడ్డా. పొద్దున లేపితే లేవలే" అన్నాడు.

ఆమె మా అమ్మ చెల్లెలు. ఇక్కడి ఇల్మెనౌ ఊరికి చదువుకోవడానికి వచ్చి, అక్కడే ఇంజినీరు ఉద్యోగం చేసి, ఒకరోజు అది మానేసి పాత చేతిమర ఒకటి కొనుక్కుంది. చెక్క మీద అలలు తీసే మర అది. పాతకాలపు అద్దాల చట్రాల చుట్టూ, వెలుగు పడితే కదిలినట్టుండే సన్నటి అలలు మీరూ చూసే ఉంటారు. ఇక్కడ వాటిని ఫ్లామ్‌లైస్టె అంటారు. పిడి తిప్పితే చెక్క బద్ద ముందుకు జరుగుతుంది. దానితోపాటే అలలున్న ఇనుప అచ్చు కదులుతుంది. అచ్చు ఎత్తుపల్లాలను బట్టి పైనున్న ఉలి లేస్తూ దిగుతూ, విడతకు ఉల్లిపొరంత గీకుతుంది. తొందరపడ్డామా, నార లేచి బద్ద మొత్తం పాడవుతుంది.

అంత పిరికి మనిషి ఇలాంటి పనికెలా దిగిందో మాకెవరికీ అర్థం కాలేదు. పొయ్యి ఆపినట్టు ఫొటో తీసుకుంటే గాని గడప దాటేది కాదు. ఏదైనా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ ఉందంటే, అది తెరవకముందే వెళ్లి మెట్ల మీద నిలబడేది. "ఆఫీసోల్లే ఇంక రాలే, తాళం నువ్వే తీస్తవా?" అని బాబాయి ఏడిపించేవాడు. "భయముంటేనే చెయ్యి తేలికుంటది" అనేది చిన్నమ్మ. మర దగ్గర అది నిజమేనని నేను కళ్లారా చూశాను. సెలవుల్లో వెళ్తే పిడి నాకిచ్చి, తను వంగి ఉలి చప్పుడు వినేది. చప్పుడు కాస్త గరుకైతే చాలు, "ఆపు ఆపు" అని నా చెయ్యి పట్టేసుకునేది.

మర కొన్న ఏడాది దసరాకు దానికి ఆయుధపూజ చేసింది. గంధం, కుంకుమ తెచ్చి సరిగ్గా ఆ ఇనుప అచ్చు మీదే బొట్లు పెట్టింది. తర్వాత తీసిన ప్రతి బద్ద మీదా ఒకే చోట చిన్న బొడిపె. అచ్చు వంగిందా, ఉలి విరిగిందా అని అన్నం మానేసి వెతికింది. చివరికి ఎండిన గంధం గోటికి తగిలింది. "మరకు భక్తి దెల్వదు బిడ్డా, ఎత్తుపల్లాలే దెలుసు" అని నాకు చెప్పి పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత ఏ దసరాకైనా బొట్లు మర కాళ్లకే.

ఆమె పోయేనాటికి ఒక అద్దం చట్రం సగంలో ఉంది. మూడు బద్దలు పూర్తయ్యాయి. నాలుగోది మర మీదే బిగించి ఉంది. నాలుగూ ఒకే పియర్ చెట్టు పలకలోంచి కోసినవి, అందులో ఇక ముక్క మిగల్లేదు. మర ఉన్న అద్దె షెడ్డు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. బద్దను ఒకసారి విప్పితే మళ్లీ అదే చోట బిగించడం కుదరదు.

"నువ్వే తిప్పాలె. నాకు రాదు" అన్నాడు బాబాయి.

"పాడైతే?"

"పాడైతే పాడైతది. అట్ల సగంల ఉంటే నేను చూడలేను."

పిడి పట్టుకున్నాను. చప్పుడు వినడానికి ఈసారి పక్కన ఎవరూ లేరు. కొన్ని విడతలు తిప్పి ఆగాను. పని మొదలుపెట్టే ముందు బద్ద పైభాగమంతా పెన్సిల్‌తో రుద్దుతారు. ఉలి ఇంకా తగలని చోట నలుపు మిగులుతుంది, అది మొత్తం పోతేనే అల పూర్తయినట్టు. ఇప్పుడు ప్రతి అల కొన మీదా సన్నగా నలుపు ఉంది. అది చిన్నమ్మ చేత్తో రుద్దింది. నాకు ఏడుపొచ్చింది.

బాబాయి వంగి చూశాడు. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. "తిప్పు బిడ్డా" అన్నాడు.

తిప్పాను. నార లేవలేదు. నల్లటి పొట్టు సన్నగా రాలుతుంటే బాబాయి దాని కింద దోసిలి పట్టాడు.