వాసుదేవరావు అంకుల్ తాడు

వాసుదేవరావు అంకుల్ బట్టలారేసే తాడు లేకుండా బీచికి రారు. ఆ తాడు బట్టలకు కాదు, మనుషులకు. ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్లెవరైనా వెంట ఉంటే, ఒక కొస వాళ్ల నడుముకు కట్టి రెండోది తన నడుముకు చుట్టుకుంటారు.

కారణం సైరన్లు. గ్రీకు పురాణాల్లోని సముద్రపు మాయలాడులు. తీయగా పాడి, ఓడలవాళ్లను రప్పించుకుని ప్రాణాలు తీస్తారట. ఒక వీరుడు మాత్రం తనను తెరచాప కొయ్యకు కట్టించుకుని, పాట విని మరీ బతికిపోయాడట. మేముండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా వీధి వీధంతటికీ ఈ కథ కంఠతా వచ్చు.

"గ్రీసువాళ్లు మన గోల్డ్‌కోస్ట్ బీచికెందుకొస్తారు అంకుల్?" అని అడిగానొకసారి.

"మనం రాలేదా? వాళ్లకు మాత్రం వీసా ఇవ్వరా?" అన్నారు.

పోయిన నెల మా బావమరిది కార్తికేయను తీసుకెళ్లాం. హైదరాబాద్ నుంచి అప్పుడే దిగాడు, కొత్తగా పెళ్లయింది. భార్య సృజన ఫోన్‌లో వీడియో తీస్తోంది. జనమంతా లైఫ్‌గార్డులు కాపలా కాసే ఎరుపు పసుపు జెండాల మధ్య అలల్లో ఎగురుతుంటే, మావాడు పక్కకు చూపించాడు.

"బావా, ఆడ మస్తు రష్షుంది. ఈడ చూడు, వేవే లేదు. హుస్సేన్‌సాగర్ లెక్కుంది. ఫుల్ సేఫ్."

"అలాంటి చోటే వాళ్లు పాడేది," అన్నారు అంకుల్ వాడి నడుముకు తాడు ముడి బిగిస్తూ.

సృజన పడీ పడీ నవ్వింది. అంకుల్ జెండాల వైపు పదమంటూనే ఉన్నారు, వాడు పక్కకు దిగనే దిగాడు. నడుము లోతుకు వెళ్లాడో లేదో, కాళ్లకింద ఇసుక జారిపోయింది. తాడు బిగిసింది. అంకుల్ బొజ్జతో సహా నీళ్లలోకి జారారు. నేను పరుగెత్తి పట్టుకుని, ఇద్దరం కలిసి లాగితే, కార్తికేయ ఉప్పునీళ్లు కక్కుతూ ఒడ్డున పడ్డాడు.

వాడు భార్య ముందు తలెత్తలేదు.

"పాట వినిపించిందా బాబూ?" అంకుల్ గంభీరంగా అడిగారు. "మహావీరులే ఆగలేకపోయారమ్మా సృజనా. ఇతని తప్పేం లేదు."

కార్తికేయ మెల్లగా తలెత్తాడు. "వినిపించింది అంకుల్. మంచిగనే పాడిన్రు."

ఏడుపు మొహంతో ఉన్న సృజన కిసుక్కున నవ్వింది.

కారు దగ్గర అంకుల్‌ని నిలదీశాను. "అలలు లేనిచోటే నీళ్లు లోపలికి లాగేస్తాయని నేరుగా చెప్పొచ్చుగా?"

"ఇదివరకు చాలామందికి చెప్పి చూశానయ్యా. 'ఈత రాదుగా, దిగొద్దు' అంటే కొత్త పెళ్లాం ముందు ఏ మగాడు ఆగుతాడు? ముసలాడి చాదస్తం అనుకుంటే నవ్వుకుంటూ కట్టించుకుంటాడు. నన్ను చూసి నవ్వితే నా సొమ్మేం పోయింది?"

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాం. కారు ఆగగానే తాడు తీసి నడుముకు కట్టుకుని, జెండాల మధ్యకు నడిచింది కార్తికేయే. రెండో కొస మాత్రం అంకుల్‌కు దక్కలేదు. సృజన తన నడుముకు చుట్టేసుకుంది.

"పాడేది ఆడవాళ్లు కదా అంకుల్," అంది. "ఇకమీదట నేనే పట్టుకుంటా."