లింకులాయన

డయాలసిస్ గదిలో ఆ టెక్నీషియన్‌ని అందరూ లింకులాయన అంటారు. రోగి చేతికి సూది గుచ్చి, మిషను తిరగడం మొదలవగానే, ప్లాస్టరు టేపు చుట్టను తన మణికట్టుకి గాజులా తొడుక్కుని ఫోను తీస్తాడు. "నాలుగు గంటలు గోడల వంక చూస్తూ ఏం గడుపుతారండీ? సైన్సు కథ, పైసా ఖర్చు లేదు, పదకొండు నిమిషాలే!" అని లింకు పంపుతాడు. మూడు సెకన్లలో బొటనవేలి బొమ్మ తిరిగొస్తుంది. పదకొండు నిమిషాల కథకి మూడు సెకన్ల మెప్పు! వాళ్లావిడైతే రెండే సెకన్లు.

నిజంగా చదివింది కిటికీ పక్క మంచం మీది కుట్టుపని పెద్దావిడ ఒక్కతే. చంద్రుడి మీద చిక్కుకుపోయిన మరమనిషి కథ ముప్పాతిక వంతు చదివి, ఫోను గుండెల మీద పెట్టుకుని, "ఇక ఓపిక లేదు నాయనా. అది ఇల్లు చేరిందో లేదో చెప్పెయ్యి" అంది.

"ముగింపు నేను చెప్పేస్తే ఇంకేముంది అమ్మమ్మా? మిగిలింది కాస్తే. ఎల్లుండి వచ్చినప్పుడు చదువుదురుగాని" అని నవ్వేశాడు.

ఆ ఎల్లుండి వచ్చేసరికి ఆమె మంచం మీద ఉతికిన దుప్పటి మడత విప్పకుండానే ఉంది. "నిన్న పోయారట" అంది నర్సు.

ఇప్పుడు ఆ కథ ఎవరికి పంపినా, లింకు పైన "మరమనిషి ఇల్లు చేరింది" అని ముందే రాస్తాడు. బొటనవేలు మాత్రం ఆ మూడు సెకన్లకే వస్తుంది.